డిశ్చార్జ్ కాగితం మీద మరక: అమెరికా నేవీలో దాన్ని ఎవరు, ఎలా చెరుపుతారు?

అమెరికా నేవీలో పనిచేసి బయటికొచ్చిన ప్రతి మనిషి చేతిలో ఒక కాగితం పెడతారు. దాని పేరు డీడీ 214. ఎప్పుడు చేరాడు, ఏ పని చేశాడు, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ అందులో ఉంటాయి. ఒక చిన్న గడిలో ఆ మనిషి సర్వీసు ఎలాంటిదో ఒకటి రెండు మాటల్లో రాసి ఉంటుంది. ఉద్యోగమిచ్చేవాళ్లు, చదువుకు డబ్బిచ్చే ప్రభుత్వ శాఖ, మాజీ సైనికుల ఆసుపత్రి, అందరూ ముందు చూసేది ఆ గడినే.

మన పాఠకులకు ఈ గడి సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. హాస్టల్లో అన్నం బాగాలేదని అడిగిన పిల్లవాడి టీసీలో ‘కాండక్ట్’ అన్న చోట ఏం రాస్తారో అన్న భయం మన ఇళ్లలో చాలామందికి తెలుసు. అడిగిన మాట న్యాయమా కాదా అన్నది ఎవరికీ గుర్తుండదు. కాగితం మీద రాసింది మాత్రం మిగిలిపోతుంది. అమెరికాలో నల్లజాతి నావికులకు జరిగింది అదే. ఆ కాగితాన్ని మళ్లీ పరిశీలించమని అడిగే దారి ఎలా ఏర్పడింది, ఇప్పుడు ఎలా నడుస్తోంది, ఎక్కడ మూసుకుపోతోంది అన్నది ఈ వ్యాసంలో చెబుతున్నాం.

పోర్ట్ షికాగో

1944 జులై 17, రాత్రి 10 గంటల 18 నిమిషాలు. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర్లోని పోర్ట్ షికాగో రేవులో ఓడల్లోకి బాంబులు ఎక్కిస్తుండగా పేలుడు జరిగింది. 320 మంది అక్కడికక్కడే చనిపోయారు. వాళ్లలో 202 మంది నల్లజాతివాళ్లు. ఇది కాకతాళీయం కాదు. ఆ రేవులో బాంబులు మోసే పని నల్లవాళ్లది, పని చేయించే అధికారం తెల్లవాళ్లది. నావికులుగా చేర్చుకున్న వాళ్లను అక్కడ హమాలీలుగా వాడారు. మందుగుండు సామగ్రిని ఎలా పట్టుకోవాలో నేర్పలేదు. ఏ జట్టు ఎక్కువ సరుకు ఎక్కిస్తుందని అధికారులు పందేలు కాసేవాళ్లు.

పేలుడు తర్వాత తెల్ల అధికారులకు సెలవులిచ్చి ఇళ్లకు పంపారు. తోటివాళ్ల శరీర భాగాలు ఏరిన నల్ల నావికులకు సెలవు ఇవ్వలేదు. మూడు వారాలు గడిచేసరికి పక్కనున్న మేర్ ఐలండ్‌లో మళ్లీ అదే పనికి పొమ్మన్నారు. శిక్షణలో మార్పు లేదు, జాగ్రత్తల్లో మార్పు లేదు. 258 మంది వెళ్లమన్నారు. వాళ్లను ఒక పడవలో బంధించారు. యుద్ధ సమయంలో తిరుగుబాటుకు మరణశిక్ష వేయవచ్చని ఒక అడ్మిరల్ వచ్చి హెచ్చరించాడు. 208 మంది పనికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నా వదల్లేదు, చిన్న సైనిక కోర్టులో దోషులుగా తేల్చి జీతం కోశారు. మిగిలిన 50 మంది మీద తిరుగుబాటు కేసు పెట్టారు.

అక్టోబరు 24న తీర్పు వచ్చింది. 50 మంది భవిష్యత్తు తేల్చడానికి కోర్టుకు పట్టింది 80 నిమిషాలు. అందరూ దోషులే అన్నారు, 15 ఏళ్ల వరకు జైలు వేశారు. విచారణను దగ్గరుండి చూసి, తర్వాత అప్పీలు నడిపిన నల్లజాతి లాయరు తర్గుడ్ మార్షల్. ఆయనే తర్వాత అమెరికా సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. యుద్ధం ముగిశాక, 1946 జనవరిలో, ఎక్కువమందిని జైలు నుంచి వదిలారు. చివరికి వాళ్ల చేతికి వచ్చింది ‘జనరల్’ డిశ్చార్జ్. దోషులన్న ముద్ర మాత్రం అలాగే ఉంది.

డిశ్చార్జ్‌లో ఎన్ని రకాలు

పై మెట్టు ‘ఆనరబుల్’. దాని కింద ‘జనరల్’, అంటే సర్వీసు మొత్తమ్మీద ఫర్వాలేదు గానీ మచ్చ ఉందని. ఆ కింద ‘అదర్ దాన్ ఆనరబుల్’. ఈ మూడూ కోర్టు లేకుండా, ఆఫీసు స్థాయిలోనే ఇచ్చేవి. చివరి రెండు, ‘బ్యాడ్ కాండక్ట్’, ‘డిస్‌హానరబుల్’, సైనిక కోర్టు శిక్షగా మాత్రమే పడతాయి.

మెట్టు దిగేకొద్దీ ఏం పోతుంది? జనరల్ దగ్గరే జీఐ బిల్లు కింద వచ్చే చదువు ఖర్చు పోతుంది. ‘అదర్ దాన్ ఆనరబుల్’ దగ్గర వైద్యం, ఇంటి రుణం, పింఛను కూడా మాజీ సైనికుల శాఖ దయ మీద ఆధారపడతాయి. గ్రీన్‌కార్డుతో సైన్యంలో చేరి, ఆ దారిలో పౌరసత్వం పొందాలనుకునేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. గౌరవప్రదమైన సర్వీసు ఉంటేనే ఆ వెసులుబాటు. అయిదేళ్ల సర్వీసు నిండకముందే చెడ్డ డిశ్చార్జ్ పడితే, ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే అవకాశం కూడా చట్టంలో ఉంది. అక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లలు సైన్యంలో చేరతామంటే పెద్దవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

పాత రోజుల్లో ఇంకో రకం ఉండేది, నీలం కాగితం మీద ఇచ్చేవాళ్లు కాబట్టి ‘బ్లూ డిశ్చార్జ్’ అనేవాళ్లు. మంచిదీ కాదు, చెడ్డదీ కాదని పేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఆర్మీలో నల్లవాళ్లు 6.5 శాతం, బ్లూ డిశ్చార్జ్‌లలో వాళ్ల వాటా 22 శాతం. స్వలింగ సంపర్కులని అనుమానించిన వాళ్లను కూడా ఇదే కాగితంతో గెంటారు. దీనిమీద గట్టిగా పోరాడింది నల్లజాతివాళ్లు నడిపిన ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ పత్రిక. 1940లో ఫిలడెల్ఫియా అనే యుద్ధనౌకలో వంటశాల పనికే పరిమితం చేసిన 15 మంది నల్ల నావికులు తమ గోడు రాసుకున్నదీ ఈ పత్రికకే. ఉత్తరం అచ్చయింది, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. ఆ పదిహేను మందిలో ఇద్దరు అన్నదమ్ముల డిశ్చార్జ్‌ను నేవీ మార్చి, కుటుంబానికి క్షమాపణ చెప్పింది ఎనిమిది దశాబ్దాలు దాటాక.

ఇద్దరు గుమాస్తాలు, రెండు కిటికీలు

ఇప్పుడు ఒక మాజీ నావికుడు తన డిశ్చార్జ్ మార్చమని అడగాలంటే రెండు చోట్లున్నాయి. ఒకటి నేవీ డిశ్చార్జ్ సమీక్ష బోర్డు. 1944 నాటి జీఐ బిల్లుతో ఇలాంటి బోర్డులు పుట్టాయి. దీనికి డీడీ 293 ఫారం నింపాలి, బయటికొచ్చిన 15 ఏళ్లలోపు. కనీసం ముగ్గురు సభ్యులు చూస్తారు. ముందు కాగితాల మీదే చూడమనవచ్చు, కాదంటే స్వయంగా చెప్పుకునే అవకాశం అడగవచ్చు. ఈ బోర్డు అడిగే ప్రశ్నలు రెండే. అప్పటి నిబంధనల ప్రకారమే పంపారా? నిబంధన ప్రకారమే అయినా, ఇది న్యాయంగా ఉందా? ఇంకో మంచి సంగతి, అర్జీ పెట్టినందుకు ఉన్న డిశ్చార్జ్‌ను ఇంకా కిందికి దించే అధికారం దీనికి లేదు. భయపడి ఆగిపోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

15 ఏళ్లు దాటినా, జనరల్ కోర్ట్ మార్షల్ శిక్షగా పడిన డిశ్చార్జ్ అయినా, వెళ్లాల్సింది రెండో చోటికి. అది నేవీ రికార్డుల సవరణ బోర్డు, 1946 చట్టం వల్ల వచ్చింది. ఫారం డీడీ 149. సభ్యులు సివిలియన్లు, ఒక్కో కేసు ముగ్గురు చూస్తారు. తప్పు తెలిసిన మూడేళ్లలోపు రావాలని నియమం ఉంది కానీ, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు దాన్ని పక్కన పెట్టవచ్చు. చనిపోయినవాళ్ల తరఫున వారసులు అడగవచ్చు. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. 18 నెలల్లోపు తేల్చాలని చట్టం చెబుతోంది. అయితే సైనిక కోర్టు ఇచ్చిన తీర్పు తప్పని ఈ బోర్డు చెప్పలేదు, దయతో శిక్షను తగ్గించడమే చేయగలదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, రెండు బోర్డులూ ప్రభుత్వం తన పని సక్రమంగానే చేసి ఉంటుందన్న నమ్మకంతో ఫైలు తెరుస్తాయి. ఆ నమ్మకం తప్పని రుజువు చేసే బరువు అర్జీదారుడి మీదే. ఫైల్లో ఉన్న కాగితాలు రాసిందేమో అతన్ని బయటికి పంపిన అధికారే. తిట్టింది రికార్డవదు, తిరిగి తిట్టింది రికార్డవుతుంది. 2019లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ కూడా నల్లజాతి సైనికుల మీద విచారణలు, సైనిక కోర్టు కేసులు తెల్లవాళ్ల మీద కంటే ఎక్కువగా నమోదవుతున్నాయని తేల్చింది. ఆ ఎక్కువ తక్కువలన్నీ ఎవరి ఫైల్లోకి వెళ్లి కూర్చుంటాయో వేరే చెప్పాలా?

ఆరు నెలలు ఆగితే డిశ్చార్జ్ దానంతటదే మారిపోతుందని ఒక మాట సైన్యంలో చాలాకాలంగా తిరుగుతోంది. అది అబద్ధం. అడగందే ఏదీ మారదు, అడిగినా ఆధారం లేందే మారదు.

బోర్డు దేన్ని ఆధారంగా తీసుకుంటుంది

వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన చాలామందికి తాగుడు, పారిపోవడం, ఆజ్ఞ ధిక్కారం పేరుతో చెడ్డ కాగితాలు వచ్చాయి. యుద్ధం మనసు మీద చేసిన గాయానికి అప్పట్లో వైద్యంలో పేరు కూడా లేదు. 2014 సెప్టెంబరులో అప్పటి రక్షణ మంత్రి చక్ హేగెల్ ఇలాంటి అర్జీలను ఉదారంగా చూడమని బోర్డులకు రాతపూర్వకంగా చెప్పాడు. 2017 ఆగస్టులో వచ్చిన మరో మెమో దాన్ని నాలుగు ప్రశ్నలుగా మార్చింది. ఆ మనిషికి మానసిక గాయమో, తలకు దెబ్బో, లైంగిక దాడి అనుభవమో ఉందా? అది సర్వీసులో ఉండగా జరిగిందా? అతను చేసిన తప్పుకు అది నిజంగా కారణమా? ఆ కారణం తప్పు కంటే బరువైనదా? పాత వైద్య రికార్డు లేకపోయినా, భార్య, తల్లి, తోటి నావికుడు రాసిచ్చిన వాంగ్మూలం కూడా ఆధారమే. అర్జీదారుడి సొంత మాట కూడా ఆధారమే. 2018 జులై మెమో ఇంకొక అడుగు వేసి, బయటికొచ్చాక ఎలా బతికాడన్నది కూడా చూడమంది.

మెమోలు వచ్చినంత మాత్రాన బోర్డులు మారిపోలేదు. ఉదారంగా చూడటం లేదని మాజీ సైనికులు 2018లో నేవీ మీద కనెక్టికట్ ఫెడరల్ కోర్టులో అందరి తరఫునా ఒకే కేసు వేశారు. యేల్ యూనివర్సిటీ లా విద్యార్థుల బృందం వాళ్ల తరఫున నిలబడింది. 2022లో రాజీ కుదిరి, వేల పాత తిరస్కరణలకు మళ్లీ పరిశీలన దక్కింది. స్వలింగ సంపర్కులన్న కారణంతో వెళ్లగొట్టిన వాళ్ల విషయంలో ఇంకో పద్ధతి పాటించారు. అర్జీ కోసం ఎదురుచూడకుండా రక్షణ శాఖే ఫైళ్లు తీసి, 2024 నాటికి 800 మందికి పైగా డిశ్చార్జ్‌లను మెరుగుపరిచింది. మా దృష్టిలో ఇదే సరైన పద్ధతి. వివక్ష విధానంగా అమలైనప్పుడు, ఒక్కొక్కరూ వచ్చి తమకు వివక్ష జరిగిందని విడివిడిగా రుజువు చేసుకోమనడం రెండో శిక్ష.

రెండు సమీక్షలు, రెండు జవాబులు

పోర్ట్ షికాగో కేసును నేవీ రెండుసార్లు తిరిగి చూసింది. 1994లో చూసినప్పుడు, ఆ పనిలో నల్లవాళ్లను పెట్టడం జాతి వివక్షేనని ఒప్పుకుంది. కానీ విచారణలో తప్పు లేదని, తీర్పు మార్చేది లేదని చెప్పింది. బతికున్న కొద్దిమందిలో ఒకరైన ఫ్రెడ్డీ మీక్స్‌కు 1999 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. మరికొందరు క్షమాభిక్ష అడగనే లేదు. తప్పు చేసినవాళ్లు కదా క్షమించమని అడిగేది.

2024 జులై 17న, పేలుడుకు సరిగ్గా 80 ఏళ్లకు, నేవీ కార్యదర్శి కార్లోస్ డెల్ టోరో మిగిలిన 256 మందినీ నిర్దోషులుగా ప్రకటించాడు. 258లో ఇద్దరి తీర్పులు ఎప్పుడో రద్దయ్యాయి. ఈసారి నేవీ న్యాయవిభాగం చూసింది వివక్షను మాత్రమే కాదు, విచారణ జరిగిన తీరును. ఒకరి ప్రయోజనం ఇంకొకరికి అడ్డొచ్చే నిందితులను ఒకే గుంపుగా విచారించారు. సరైన లాయరు సాయం అందనివ్వలేదు. అన్నిటికంటే ముఖ్యం, పేలుడు మీద నేవీ జరిపిన విచారణ నివేదిక పూర్తి కాకముందే వీళ్లకు శిక్ష వేశారు. ఆ నివేదికలో మందుగుండు ఎక్కించే పద్ధతిని బాగుచేయడానికి 19 సిఫార్సులున్నాయి. అంటే, పని ప్రమాదకరమని ఆ నావికులు అన్న మాటనే నేవీ తన నివేదికలో రాసుకుంది. డెల్ టోరో ప్రకటన వినడానికి ఆ నిందితుల్లో ఒక్కరూ బతికి లేరు.

రెండు సమీక్షల మధ్య కొత్త సాక్షి ఎవరూ రాలేదు. కాగితాలు అవే. కుటుంబాలు, కాలిఫోర్నియా ప్రజాప్రతినిధులు, పరిశోధకులు ముప్పై ఏళ్లు ఆగకుండా అడుగుతూ వచ్చారు.

మన దగ్గర

సైన్యం నుంచి గెంటివేత మీద అర్జీ పెట్టడం మనకు కొత్త కాదు. మహార్లను సైన్యంలో చేర్చుకోవడం బ్రిటిష్‌వాళ్లు ఆపేస్తే, 1894లో మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ దానిమీద అర్జీ తయారుచేశాడు. మహార్ రెజిమెంట్ వచ్చింది 1941లో, అంబేడ్కర్ పట్టుదల వల్ల కూడా. 1946లో తిండి, జాత్యహంకార తిట్ల మీద తిరగబడ్డ రాయల్ ఇండియన్ నేవీ నావికుల్లో ఉద్యోగం పోయినవాళ్లను స్వతంత్ర భారత నేవీ కూడా తిరిగి తీసుకోలేదు.

ఇప్పుడు భారత నేవీ నుంచి ‘సేవలు ఇక అవసరం లేదు’ అన్న మాటతో ఎవరినైనా పంపేస్తే, డిశ్చార్జ్ స్వభావాన్ని మార్చడానికే ఉన్న ప్రత్యేక బోర్డు అంటూ లేదు. 2017లో విశాఖలోని ఐఎన్ఎస్ ఏక్షిలలో పనిచేస్తూ లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్న ఒక నావికురాలిని పంపేసింది ఈ మాటతోనే. ముందు నేవీలోనే పై అధికారులకు ఫిర్యాదు చేసుకోవాలి, అక్కడ తేలకపోతే 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు వెళ్లాల్సింది చెన్నై బెంచికి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగవచ్చు, కాబట్టి ఉత్తర్వు కాపీ, ఫిర్యాదు అందినట్టు ఇచ్చిన రసీదు, తేదీతో సహా దాచిపెట్టుకోవాలి.