కోల్డ్ కాఫీ మీద ట్విస్టు

మొన్న లోహ్రీ రాత్రి ఢిల్లీలో మా జనక్‌పురి పార్కులో మంట చుట్టూ అందరూ భాంగ్రా వేస్తుంటే, పక్క బ్లాకు పెద్దాయన ఒక్కరే మోకాళ్లు వంచి, నడుం తిప్పుతూ ట్విస్టు ఆడారు. డెబ్బై దాటిన మనిషి, స్వెట్టరు మీద స్వెట్టరు. ‘ఎక్కడ నేర్చుకున్నారు అంకుల్‌జీ?’ అంటే ‘సెల్లార్‌లో’ అన్నారు, మనవాళ్లు ‘ఆంధ్రా యూనివర్సిటీలో’ అన్నంత గర్వంగా.

సెల్లార్ అంటే కన్నాట్ ప్లేస్‌లో, రీగల్ సినిమా ఉండే భవనంలోనే నడిచిన డిస్కోథెక్. నాకు తెలిసిన నైట్‌క్లబ్బు మన పాత సినిమాల్లోదే: ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, జ్యోతిలక్ష్మి డాన్సు, మూల టేబుల్ దగ్గర స్మగ్లరు. పెద్దాయన చెప్పే ఢిల్లీలో స్మగ్లరు లేడు. గేలార్డ్‌లాంటి రెస్టారెంట్లలో బాండు వాయించేవారట, ఆదివారాలు జామ్ సెషన్లట, కుర్రకారు తాగేది కోల్డ్ కాఫీయట. ఒక్క గ్లాసుని రెండు గంటలు సాగదీస్తే బేరర్ చూసే చూపుని ఆయన ఇప్పటికీ కనుబొమలెత్తి చూపిస్తారు.

ఆ రోజుల్లోనే ఒబెరాయ్ హోటల్లో కంచిపట్టు చీర కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని ఇంగ్లీషు పాటలు పాడిన అమ్మాయి ఉషా ఉతుప్. మద్రాసు మౌంట్ రోడ్డులోని నైన్ జెమ్స్‌లో మొదలుపెట్టి, కలకత్తా ట్రింకాస్ మీదుగా ఢిల్లీ చేరింది. దేవ్ ఆనంద్ బృందం ఇక్కడ విన్నాకే 1971 నాటి ‘హరే రామ హరే కృష్ణ’లో అవకాశం వచ్చింది. చీరలో ఉన్న దక్షిణాది పిల్ల ఢిల్లీ హోటలు రాత్రుల్ని ఏలిందంటే నాకు ఏదో మనింటి పిల్ల ఫస్టు వచ్చినంత సంబరం.

తర్వాత రాత్రి జీవితమంతా అయిదు నక్షత్రాల హోటళ్లలోకి దూరింది. ఎనభైల్లో మౌర్యా షెరటన్‌లో ఘుంఘ్రూ డిస్కోథెక్ అంటే పెద్ద పేరు. జంటగా వస్తేనే లోపలికి. మా పశ్చిమ ఢిల్లీ కుర్రాళ్ల జేబుకి ఆ ఖర్చు ఎక్కడిది? వాళ్లు కార్లలోనే సర్దుకున్నారు. ఠేకా అనే మందుకొట్టులో సీసా, దాబాలో చికెన్ టిక్కా, డాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ గ్లాసులు, చిన్నగా పాట. నేరమే, అయినా నడిచింది, నడుస్తోంది.

మందుకి ఇలా పక్కదారి వెతకడం మనకు కొత్తేం కాదు. 1995లో రామారావుగారు మద్యనిషేధం పెట్టినప్పుడు కాకినాడ నుంచి యానాం బస్సుల్లో సీట్లు దొరికేవా? యానాం పాండిచ్చేరిది కాబట్టి నిషేధం లేదు. కోరంగి, తాళ్లరేవు దాటేవరకూ బుద్ధిమంతుల్లా కూర్చున్న పెద్దమనుషులు తిరుగు ప్రయాణంలో కండక్టరుకి పద్యాలు వినిపించేవారు. కిటికీలోంచి ఉప్పుగాలి, రొయ్యల వాసన... ఇక్కడి పొడి చలిలో అది తలచుకుంటే ముక్కు దానంతటదే ఎగపీలుస్తుంది. ఢిల్లీవాళ్లకి గుర్గావ్ అలాంటి యానాం. ఢిల్లీలో తాగడానికి ఇరవై అయిదేళ్లు నిండాలి, పెళ్లికీ ఓటుకీ అంత ఆగక్కర్లేదు. గుర్గావ్ ఉన్న హర్యానాలో 2022 నుంచి ఇరవై ఒకటి చాలు.

తొంభైల చివరికి హోటళ్ల బయటా బార్లు పుట్టాయి. అందులో ఒకటి నాకు గుబులు పుట్టిస్తుంది. 1999 ఏప్రిల్‌లో, మెహ్రౌలీలోని టామరిండ్ కోర్ట్‌లో, బార్ కట్టేశాం అన్నందుకు, అక్కడ మందు అందిస్తున్న జెసికా లాల్‌ని ఒక రాజకీయ నాయకుడి కొడుకు కాల్చి చంపాడు. కింది కోర్టు వదిలేసింది. జనం రోడ్డెక్కాక, 2006లో హైకోర్టు జీవితఖైదు వేసింది. ఈ మాట ఎత్తితే పెద్దాయన టీవీ సౌండు పెంచుతారు.

ఇప్పుడు మాకు మెట్రోలో నాలుగడుగుల దూరంలోనే రాజౌరీ గార్డెన్ నిండా క్లబ్బులు. పాట మోతకి పక్కవాడి మాట వినబడదని ఆయన ఫిర్యాదు. నేను చూసిందేమంటే, గుమ్మంలో బౌన్సరు మాత్రం ఇప్పటికీ ఘుంఘ్రూవాడిలాగే ముందు అదే అడుగుతాడు: జంటగా వచ్చారా, లేదా?