ఎత్తుకునేవారు, అందుకునేవారు

తెలుగు సంఘాల్లో పాట గురించి మాట్లాడేటప్పుడు రెండు మాటలు దొర్లుతుంటాయి. ఒకరు పాట ‘ఎత్తుకుంటారు’, మిగతావాళ్లు ‘అందుకుంటారు’. క్వయర్, వర్షిప్ టీమ్ లాంటి పేర్లు తర్వాతెప్పుడో వచ్చాయి. మన చర్చి సంగీతం నడిచొచ్చిన దారి తెలియాలంటే, ఎత్తుకునే గొంతుకూ అందుకునే గొంతులకూ మధ్య దూరం ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు పెరిగిందో చూస్తే చాలు.

లండన్ మిషనరీలు విశాఖపట్నంలో అడుగుపెట్టింది 1805లో. బైబిలు అనువాదం వాళ్ల మొదటి పని. మిషనరీల కాలంలో ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు కూర్చిన పాటలూ చాలానే వచ్చాయి. అయితే ఇంగ్లీషు బాణీ ఊనిక మీద నడుస్తుంది, తెలుగు మాటకు హ్రస్వదీర్ఘాలే ప్రాణం. ఊనిక పడ్డచోట పొట్టి అక్షరం ఉంటే దాన్ని సాగదీయాలి, అప్పుడు మాట రూపే మారిపోతుంది. అలాంటి పాటల్ని జనం నేర్చుకున్నారు, పాడారు కూడా. కానీ పొలంగట్టు మీద కూనిరాగానికి పనికొచ్చేవి అవి కావు.

అలా కూనిరాగం తీసుకోగల పాటలు చేసిపెట్టినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందాడు. 1890లో కన్నుమూసేలోగా నూరుకు పైగా కీర్తనలు రాశాడు. ఆయన బాప్తిస్మం నాటికి త్యాగరాజు తిరువయ్యారులో ఇంకా జీవించే ఉన్నాడన్నది గుర్తుంచుకోవాలి. పల్లవి, చరణాలు, రాగం, తాళం ఉన్న కీర్తన అప్పటికి గ్రంథాల్లో దాచుకున్న పాత సరుకు కాదు, గొంతుల మీద నడుస్తున్న రూపం. చౌదరి దానిలోనే క్రీస్తు కథ చెప్పాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఇప్పటికీ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. పాడేవాళ్లలో చాలామంది వాటివైపు చూడనైనా చూడరు, అది వేరే సంగతి.

ఆ రూపంలో పాండిత్యం ఎంతున్నా, అసలు బలం పల్లవిలో ఉంది. చరణం ఎత్తుకున్నవాడికి పాట మొత్తం రావాలి. అందుకునేవాడికి పల్లవి వస్తే చాలు. చదువు రానివాడు కూడా మొదటి ఆదివారమే పాటలో కలిసిపోగలడు.

ఈ సౌలభ్యం విలువ ఒంగోలు ప్రాంతంలో బాగా తెలిసొచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, అక్షరం ముక్క రానివాళ్లు. అంతమందికి పుస్తకం పెట్టి బోధించడం అయ్యే పని కాదు. పల్లెల్లో ఉపదేశులు, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు ఒక్కో చరణం చెబుతూ పాటలు వల్లె వేయించారు. సంగీత పరిచర్య అంటే అప్పట్లో అదే. వేదిక లేదు, బృందానికి పేరు లేదు.

ఇక్కడ డప్పు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మన నేలకు అంత దగ్గరి వాయిద్యాన్ని చర్చి ఎందుకు దూరం పెట్టిందని కొందరు నిష్ఠూరంగా అడుగుతారు. గ్రామదేవత కొలుపులకు డప్పు కొట్టడం మాదిగలకు ఊరు అంటగట్టిన వెట్టి. క్రైస్తవులైనవాళ్లు ఇక కొట్టమన్నందుకు ఊరి పెద్దల చేత దెబ్బలు తిన్నారు. వాళ్లకు డప్పు దించడమే ఒక విడుదల. అందుకే చాలా సంఘాల్లో కంజీర, తాళాలు, హార్మోనియం ముందు వచ్చాయి, డప్పు చాలాకాలం గుమ్మం బయటే ఉండిపోయింది. దీన్ని పరాయి మోజు అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ మాటకొస్తే హార్మోనియమూ పరాయిదే. ఫ్రాన్సులో పుట్టిన పెట్టె అది. శ్రుతి మన సంగీతానికి నప్పదని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు దాన్ని వెలివేసింది. పల్లె చర్చి మాత్రం ఆ పెట్టెను వదల్లేదు.

1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్‌గా దోర్నకల్‌లో బాధ్యత చేపట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చుకుని పల్లెలు తిరిగాడు, ఆరాధనలో దేశీ బాణీలకు చోటిచ్చాడు. పట్టణాల్లో మాత్రం అంగీలు తొడుక్కున్న క్వయర్ నాలుగు స్వరాల్లో ఇంగ్లీషు పద్ధతిలో పాడేది. వినసొంపుగానే ఉండేది గానీ, అక్కడ జనం శ్రోతలైపోయారు. కేథలిక్కుల పరిస్థితి మరీ వేరు. పూజ లాటిన్‌లో సాగేది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధనపై వెలువరించిన పత్రంతో మాతృభాషలకు తలుపు తెరుచుకుంది. ఆ తర్వాతే పూజలో తెలుగు పాటకు సొంత స్థానం దొరికింది.

అంతకు ముందే సువార్తికుడు భక్తసింగ్ హైదరాబాదులో 1950లో హెబ్రోను అనే సంఘాన్ని ఆరంభించాడు. అక్కడ క్వయర్ ఊసే లేదు. చాపల మీద కూర్చున్న జనమంతా డోలక్ దెబ్బకు ‘సీయోను గీతములు’ గంటలకొద్దీ పాడేవారు. ఎత్తుకునేవాడికీ అందుకునేవాడికీ మధ్య దూరం అంతగా చెరిగిన చోటు మరొకటి అరుదు.

1978లో ‘కరుణామయుడు’ సినిమా వచ్చింది. మోదుకూరి జాన్సన్ రాసిన పాట థియేటర్ నుంచి తిన్నగా చర్చిలోకి నడిచింది. తర్వాత క్యాసెట్లు, వాటి వెనక కీబోర్డు. ఇప్పుడు గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ వాళ్ల గుడారాల పండుగలో కొత్త పాట విడుదలైతే, అది యూట్యూబు ద్వారా డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగు సంఘానికి వెంటనే చేరుతుంది. శనివారం సాయంత్రం ప్రాక్టీసు, స్కేలు చూసుకోవడం, ముందే రికార్డు చేసిన సంగీతం ట్రాక్ సరిచూడటం, తెరమీద సాహిత్యం వేసే కుర్రాడికి వరస చెప్పడం. పరిచర్యలో పాలుపంచుకునేందుకు ఇన్ని కొత్త పనులు పుట్టాయి. ఇంట్లో నలుగురి ముందు నోరు విప్పని ఆడపిల్లకు మైకు పట్టుకునే ధైర్యం ఇక్కడే వచ్చిందంటే అది చిన్న లాభం కాదు. కానీ ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. పల్లవి దగ్గర సంఘం ఒక్క క్షణం వెనకబడితే సంగీతం తన దారిన తాను పోతుంది.

మరణం జరిగిన ఇంట్లో ట్రాకులు ఉండవు. రాత్రి పొడుగునా శవం పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరో ఒక పెద్దామె పుస్తకం తెరవకుండానే కీర్తన నంబరు చెబుతుంది. చెప్పి, ఇంకెవరి కోసమూ చూడకుండా తనే ఎత్తుకుంటుంది. శ్రుతి కాస్త పైకే పోతుంది. గుమ్మం బయట కుర్చీల్లో కూర్చున్న మగవాళ్లు గొంతు సవరించుకుని, పల్లవి తిరిగి వచ్చేసరికి అందుకుంటారు.