మౌనం పూర్తి అంగీకారమా? ఫ్రీ ట్రయల్ వెనక వందేళ్ల కథ

"ఏడు రోజులు ఫ్రీ, తర్వాత ఎప్పుడైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు" అని యాప్ అడుగుతుంది. మనం ఓకే నొక్కి మర్చిపోతాం. ఎనిమిదో రోజు పొద్దున్నే బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, డబ్బులు కట్ అయ్యాయని. మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే.

మనకో సామెత ఉంది కదా, మౌనం అర్ధాంగీకారం అని. అర్ధమే అన్నారు పెద్దలు, అంటే సగమే. మిగతా సగాన్ని వ్యాపారులు తమంతట తామే ఎలా కలిపేసుకున్నారో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. ఇదేదో స్మార్ట్‌ఫోన్‌తో పుట్టిన తెలివి అనుకోకండి. దీని వయసు వందేళ్లు.

1926లో అమెరికాలో హారీ షెర్మన్ అనే ప్రకటనల రచయిత, తన భాగస్వాములతో కలిసి బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ పెట్టాడు. నెలకో మంచి పుస్తకం పోస్టులో ఇంటికి వస్తుంది. అక్కడ స్థిరపడిన పద్ధతి ఏంటంటే, రాబోయే పుస్తకం ఏదో సభ్యుడికి ముందే తెలియజేస్తారు. వద్దనుకుంటే కార్డు మీద రాసి వెనక్కి పంపాలి. పంపకపోతే పుస్తకం వస్తుంది, దాంతోపాటు బిల్లూ వస్తుంది. అంటే "కావాలి" అని చెప్పక్కర్లేదు, "వద్దు" అని చెప్పడమే మన పని. 1955లో మొదలైన కొలంబియా రికార్డ్ క్లబ్ ఇదే దారి పట్టింది. తర్వాత రోజుల్లో ఒక్క పెన్నీకే డజను ఆల్బమ్‌లు అని ప్రకటనలిచ్చి జనాన్ని చేర్చుకున్నారు. చేరాక నెలనెలా కార్డు వెనక్కి పంపాల్సిందే.

దీనికి పేరు నెగటివ్ ఆప్షన్. ఫిర్యాదులు పెరిగి, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1973లో ఒక రూల్ తెచ్చింది. షరతులు స్పష్టంగా చెప్పాలి, వద్దని చెప్పడానికి కనీసం 10 రోజులు టైమ్ ఇవ్వాలి.

ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో పుస్తకం ముందు వచ్చేది, డబ్బు తర్వాత వెళ్లేది. అక్కర్లేని పుస్తకం వచ్చినా పర్సు మాత్రం పాఠకుడి జేబులోనే ఉండేది. గొడవ పడటానికి అతని చేతిలో ఒక ఆధారం ఉండేది.

ఆ ఆధారం పోతే ఏమవుతుందో మన దేశంలో ప్రీపెయిడ్ ఫోన్లు చూపించాయి. కాలర్ ట్యూన్ల కాలం గుర్తుందా? ఎవరికో ఫోన్ చేస్తే రింగ్ బదులు పాట వినిపించేది, ఆ పాట మీకూ కావాలంటే స్టార్ నొక్కండి అనేవాళ్లు. నొక్కినవాళ్లకే కాదు, అడగనివాళ్లకి కూడా జోకులు, జాతకాలు, క్రికెట్ స్కోర్లు యాక్టివేట్ అయిపోయేవి. మా ఊళ్లో రీఛార్జ్ చేయించుకుని ఇంటికెళ్లేలోపు బ్యాలెన్స్ తగ్గిపోయిందని షాపు దగ్గరికి తిరిగొచ్చి పోట్లాడేవాళ్లని నేను చూశాను. షాపతను మాత్రం ఏం చేస్తాడు? డబ్బు అప్పటికే కంపెనీ దగ్గర ఉంది. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2011లో, మళ్లీ 2013లో ఆదేశాలిచ్చింది. వినియోగదారుడు రెండోసారి కన్ఫర్మ్ చేస్తేనే సర్వీస్ మొదలవ్వాలి అంది.

ఇంటర్నెట్‌లో కంపెనీ చేతికి బ్యాలెన్స్ కాదు, ఏకంగా మన కార్డు నంబరే వెళ్లింది. అంటే తాళంచెవి ఇచ్చేశాం అన్నమాట. 2010లో హారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ ఇలాంటి మాయ డిజైన్లకి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. లోపలికి రావడం తేలిక, బయటపడటం కష్టం అయ్యేలా చేసే రకాన్ని బొద్దింకల బోనుతో పోల్చాడు. అదే ఏడాది అమెరికా చట్టం కూడా చేసింది. కార్డు వివరాలు తీసుకునే ముందే షరతులు చెప్పాలి, ఆపేసుకోవడానికి తేలికైన దారి ఇవ్వాలి అని.

అయినా ఆగలేదు. 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద కేసు వేసింది. ప్రైమ్ క్యాన్సిల్ చేసే ప్రక్రియకి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు "ఇలియడ్" అని అందులో ఆరోపించింది. ఇలియడ్ అంటే ఎడతెగని యుద్ధం గురించిన గ్రీకు మహాకావ్యం. 2025లో అమెజాన్ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకి రాజీపడింది.

మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ వేరే దారిలో వెళ్లింది. 2021 అక్టోబర్ 1 నుంచి, కార్డు నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అవ్వాలంటే మొదట ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాలి. కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వద్దనుకుంటే ఆపే వీలుండాలి. అంటే కంపెనీకీ మన డబ్బుకీ మధ్యలో బ్యాంకుని కాపలా నిలబెట్టారు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లని నిషేధించింది. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అందులో ఒకటి.

మరి ఇంకా ఎందుకు దొరికిపోతున్నాం? ఆ 24 గంటల మెసేజ్ లోన్ ఆఫర్ల గుట్టలో పడిపోతుంది. కొందరేమో యాప్ డిలీట్ చేస్తే అయిపోయింది అనుకుంటారు. యాప్ పోతుంది, మనం ఇచ్చిన అనుమతి పోదు. అది యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్‌లోనో, ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్స్‌లోనో, బ్యాంకు పేజీలోనో అలాగే ఉంటుంది. అక్కడికెళ్లి రద్దు చేయాలి. ఫ్రీ ట్రయల్ మొదలుపెట్టిన రోజే చాలా సర్వీసుల్లో క్యాన్సిల్ చేసేయొచ్చు, గడువు దాకా వాడుకోవచ్చు కూడా. చేసేముందు ఆ ఒక్క లైను చదవండి. అన్యాయంగా కట్ అయితే స్క్రీన్‌షాట్లు తీసి 1915కి కాల్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

వందేళ్ల కిందట పోస్టు కార్డు మీద రాయాల్సిన మాట, ఇవాళ బటన్ మీద నొక్కాల్సిన మాట ఒక్కటే: "వద్దు". ఈ వీడియో అయ్యాక మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా ఆటోపే లిస్టు ఒకసారి తెరిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.