గుమ్మటం నుంచి మ్యూజియం దాకా: ఒక జెండా తగాదా

అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్ర రాజధాని కొలంబియా. అక్కడి శాసనసభ భవనం గుమ్మటం మీద 1960ల తొలినాళ్ల నుంచి ఒకే స్తంభానికి మూడు జెండాలు ఎగిరేవి. అన్నిటికన్నా పైన దేశం జెండా, దాని కింద రాష్ట్రం జెండా, ఆ కింద కాన్ఫెడరేట్ యుద్ధ పతాకం. మొదటి రెండింటితో ఎవరికీ పేచీ లేదు. మూడోది మాత్రం కొందరికి యుద్ధంలో చనిపోయిన తాతముత్తాతల గుర్తు, ఇంకొందరికి తమ తాతముత్తాతలను సంకెళ్లలో ఉంచేందుకు సాగిన పోరాటానికి గుర్తు.

యుద్ధరంగంలో పుట్టుక

అమెరికా నుంచి విడిపోతున్నట్టు అన్ని రాష్ట్రాలకన్నా ముందు, 1860 డిసెంబర్ 20న, ప్రకటించింది దక్షిణ కరోలినాయే. విడిపోవడానికి కారణాలు చెబుతూ వెలువరించిన పత్రంలో ప్రధాన ఫిర్యాదు, ఉత్తరాది రాష్ట్రాలు బానిసత్వానికి అడ్డుపడుతున్నాయన్నదే. 1861 ఏప్రిల్‌లో చార్ల్‌స్టన్ రేవులోని సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలడంతో అంతర్యుద్ధం మొదలైంది.

విడిపోయిన రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ. దాని తొలి జెండా చూడ్డానికి అమెరికా జెండాలాగే ఉండేది. ఆ జులైలో వర్జీనియాలోని మనాసస్ దగ్గర జరిగిన పోరులో ఎవరు తమవాళ్లో, ఎవరు ఎదుటిపక్షమో తెలియక సైనికులు తికమకపడ్డారు. దాంతో రణరంగానికి వేరే పతాకం ఉండాలని జనరల్ బోరెగార్డ్ పట్టుబట్టాడు. దక్షిణ కరోలినా నాయకుడు విలియం పోర్చర్ మైల్స్ అంతకుముందు ప్రతిపాదించగా పక్కన పెట్టేసిన నమూనా ఇప్పుడు అక్కరకొచ్చింది. ఎర్రటి గుడ్డ, దాని మీద ఒకదాన్నొకటి ఏటవాలుగా ఖండించుకునే రెండు నీలి పట్టీలు, ఆ పట్టీల్లో తెల్ల నక్షత్రాలు. అది సైన్యం జెండాయే గానీ ప్రభుత్వం జెండా కాదు.

నూరేళ్లకు గుమ్మటం మీదికి

1865లో కాన్ఫెడరసీ ఓడిపోయింది. ఆ తర్వాత ఈ పతాకం ఎక్కువగా మాజీ సైనికుల సమావేశాల్లో, స్మారక సభల్లో కనిపించేది. 1948లో దీనికి కొత్త పని పడింది. నల్లజాతివారి పౌరహక్కులను వ్యతిరేకిస్తూ డెమొక్రటిక్ పార్టీ నుంచి చీలినవాళ్లు దక్షిణ కరోలినా గవర్నర్ స్ట్రామ్ థర్మండ్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టారు. వాళ్ల సభల్లో ఈ జెండాలు రెపరెపలాడాయి. బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండేళ్లకు జార్జియా తన రాష్ట్ర జెండాలోనే ఈ గుర్తును చేర్చుకుంది.

దక్షిణ కరోలినాలో యుద్ధ శతాబ్ది ఉత్సవాల పేరుతో 1961లో పతాకం ఎత్తారు. దాన్ని గుమ్మటం మీద ఉంచాలని 1962లో శాసనసభ తీర్మానించింది. ఎప్పుడు దించాలో అందులో రాయలేదు. ఉత్సవాలు అయిపోయినా జెండా దిగలేదు. తీర్మానం చేసిన సభలో ఒక్క నల్లజాతి సభ్యుడు కూడా లేడు. అందుకే జెండాను వ్యతిరేకించినవాళ్లు 1861 గురించి ఎంత మాట్లాడారో 1962 గురించీ అంత మాట్లాడారు. సైనికుడు ఏం తలచి పట్టుకున్నాడన్నది ఒక ప్రశ్న, శాసనసభ ఏం తలచి నెత్తికెత్తుకుందన్నది ఇంకో ప్రశ్న.

రాజీ

జెండాను గుమ్మటం మీంచి తీయాలని 1996లో గవర్నర్ డేవిడ్ బీస్లీ కోరాడు, ఫలితం దక్కలేదు. రెండేళ్లకు ఎన్నికల్లో ఓడిపోయాడు. నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ 2000 నుంచి రాష్ట్ర పర్యాటకాన్ని బహిష్కరించాలని పిలుపునిచ్చింది. ఆ జనవరిలో దాదాపు 46,000 మంది కొలంబియాలో ఊరేగింపు తీశారు. చివరికి హెరిటేజ్ చట్టం పేరుతో ఒక రాజీ కుదిరింది. 2000 జులై 1న గుమ్మటం మీంచి జెండా దిగింది. అదే రోజు అదే ఆవరణలో, కాన్ఫెడరేట్ సైనికుల స్మారకం పక్కన 30 అడుగుల స్తంభం మీద మరొకటి లేచింది. దాన్ని కదపాలన్నా, ప్రభుత్వ స్థలాల్లోని ఇతర యుద్ధ స్మారకాలను ముట్టుకోవాలన్నా శాసనసభలో మూడింట రెండొంతుల మద్దతు ఉండాలని చట్టం షరతు పెట్టింది. గుమ్మటం మీద తలెత్తితే గానీ కనబడని జెండా ఇప్పుడు వీధిలో నడిచేవారి కళ్లెదుటికి వచ్చింది.

2015

2015 జూన్ 17 రాత్రి చార్ల్‌స్టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో బైబిల్ పాఠానికి కూర్చున్న తొమ్మిదిమంది నల్లజాతివారిని ఒక శ్వేతజాతి యువకుడు కాల్చి చంపాడు. ఆ చర్చి పాస్టర్, రాష్ట్ర సెనేటర్ క్లెమెంటా పింక్నీ మృతుల్లో ఒకరు. హంతకుడు ఈ పతాకంతో దిగిన ఫొటోలు బయటపడ్డాయి. సంతాపంగా గుమ్మటం మీది జెండాలను సగానికి దించారు. శాసనసభ అనుమతి లేకుండా తాకరాని కాన్ఫెడరేట్ పతాకం మాత్రం పూర్తి ఎత్తునే నిలిచింది. పింక్నీ భౌతికకాయాన్ని ప్రజల దర్శనార్థం శాసనసభ భవనంలో ఉంచినప్పుడు, జెండా కనబడకుండా అటువైపు కిటికీకి నల్లగుడ్డ కట్టాల్సి వచ్చింది.

జెండా తీసేయాలని జూన్ 22న గవర్నర్ నిక్కీ హేలీ కోరారు. 27న బ్రీ న్యూసమ్ అనే కార్యకర్త స్తంభమెక్కి దాన్ని విప్పారు. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు, గంట తిరగకుండానే జెండా మళ్లీ ఎగిరింది. తొలగింపు బిల్లు సెనేట్‌లో 36-3 ఓట్లతో నెగ్గింది. ప్రతినిధుల సభలో గంటల తరబడి వాదోపవాదాలు సాగాక అర్ధరాత్రి దాటి 94-20తో గట్టెక్కింది. జులై 10 ఉదయం అశేష జనం చూస్తుండగా జెండా దిగింది, స్తంభాన్ని కూడా పెకలించారు. ఎన్‌ఏఏసీపీ 15 ఏళ్ల బహిష్కరణ ముగించింది.

సొంత గోడ, సర్కారు గోడ

ఇంటి ముంగిట ఎవరు ఏ జెండా కట్టుకున్నా అమెరికా రాజ్యాంగంలోని భావప్రకటన స్వేచ్ఛ కాపాడుతుంది. ప్రభుత్వ స్థలం సంగతి వేరు. చర్చిలో హత్యలు జరిగిన మరునాడే సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే 5-4 తీర్పు వెలువరించింది. వాహనాల నంబర్ ప్లేట్ల మీద కాన్ఫెడరేట్ గుర్తుకు టెక్సాస్ అనుమతి నిరాకరించవచ్చని, ప్లేటు మీద కనిపించేది ప్రభుత్వం మాటేనని చెప్పింది. అంటే శాసనసభ ముందు ఎగిరే జెండా కూడా రాష్ట్రంలోని అందరి పేరునా మాట్లాడుతున్నట్టే.

దించిన జెండా కొలంబియాలోని కాన్ఫెడరేట్ అవశేషాల మ్యూజియానికి చేరింది. అక్కడా పేచీ తప్పలేదు. ప్రదర్శన కోసం 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చయ్యే ప్రణాళిక వేస్తే విమర్శలు వచ్చాయి, శాసనసభ ఆ డబ్బు ఇవ్వలేదు. 1894 నుంచి ఈ గుర్తును తన జెండాలో ఉంచుకున్న మిసిసిపీ 2020లో దాన్ని వదిలి, మాగ్నోలియా పువ్వున్న కొత్త జెండాకు ఓటేసింది. దక్షిణ కరోలినాలో సైనికుల స్మారకం మాత్రం ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంది. హెరిటేజ్ చట్టం చెల్లుతుందని, అందులోని మూడింట రెండొంతుల షరతు మాత్రం చెల్లదని 2021లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మిగిలిన స్మారకాల భవితవ్యాన్ని ఇక శాసనసభ సాధారణ మెజారిటీతోనే నిర్ణయించవచ్చు.