డీజిల్ కారు లెక్క: ఢిల్లీ రేటు, మాచర్ల రోడ్డు

మా పల్నాడులో సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నామంటే ఇప్పటికీ మొదటి ప్రశ్న "డీజిలేనా?" అనే. రంగు, కంపెనీ, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఆ తర్వాత. పెట్రోలు అని చెప్పామా, ఏదో జబ్బు మనిషిని చూసినట్టు చూస్తారు. "డీజిల్ అయితే గిట్టుబాటయిద్ది" అన్న మాట మా పెద్దల నోట ఎంత గట్టిగా స్థిరపడిందంటే, దాన్ని లెక్కేసి చూసుకోవాలని ఎవరికీ తోచదు. ఆ మాట ఒకప్పుడు నూటికి నూరుపాళ్ళు నిజం. ఇప్పుడు కూడా కొంత నిజమే. కాకపోతే నిజం అవ్వడానికి కారణం మారిపోయింది. ఎలా మారిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

అసలు డీజిల్ మన ఊళ్ళకి కారు నూనెగా రాలేదండీ. చేలో ఆయిల్ ఇంజన్‌కీ, ట్రాక్టరుకీ, ఆర్టీసీ బస్సుకీ, లారీకీ వచ్చింది. 1967లో సాగర్ కుడి కాలువకి నీళ్ళు వదిలారు గానీ కాలువ ఎక్కని మెట్ట భూములు పల్నాడులో బోలెడు. అక్కడ డుగుడుగుమంటూ నీళ్ళు తోడింది డీజిల్ ఇంజనే. పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల సిమెంటు ఊరు దాటింది డీజిల్ లారీ మీదే. అందుకే పెట్రోలు కారు బాగుచేసేవాడి కోసం గుంటూరు వెళ్ళాల్సిన రోజుల్లో కూడా డీజిల్ పంపు విప్పి బిగించేవాడు నరసరావుపేటలో దొరికేవాడు. బస్సు చార్జీలూ సాగు ఖర్చులూ పెరక్కూడదని డీజిల్ ధరని ప్రభుత్వమే నిర్ణయించి తక్కువలో ఉంచేది. పెట్రోలు మాత్రం కార్లున్న డబ్బున్నోళ్ళ సరుకు, దాని మీద పన్ను ఎంతేసినా అడిగేవాడు లేడు.

ఈ ఏర్పాటులో ఎవరూ ఊహించని చిల్లు ఒకటుంది. కార్లే డీజిల్ తాగడం మొదలుపెడితే?

1980 ప్రాంతంలో అంబాసడర్‌కి డీజిల్ ఇంజన్ పెట్టారు. 1489 సీసీ, బలం 40 గుర్రాలకి లోపే. ఆ బండిలో ఎనిమిదిమందిని కుక్కి పెళ్ళిళ్ళకి తిప్పారంటే దండం పెట్టాలి. 1994లో టాటా సుమో వచ్చింది. సినిమా వాళ్ళు దాన్ని గాల్లోకి లేపడానికి వాడుకున్నారు గానీ :) మన వైపు అది జనాన్ని మోసిన బండి. 1998 డిసెంబరులో ఇండికా వచ్చాక కథ మలుపు తిరిగింది. మారుతీ 800కి దగ్గర ధరలో, అంబాసడర్ అంత చోటుతో, 1405 సీసీ డీజిల్ ఇంజన్. మొదట్లో వచ్చినవి నానా తిప్పలు పెట్టాయి. 2001లో వీ2 పేరుతో సరిచేశారు. ఆ తర్వాత పదేళ్ళు హైదరాబాదులో నైట్ షిఫ్టు చేసిన ఏ సాఫ్ట్‌వేర్ వాణ్ణయినా అడగండి, కంపెనీ క్యాబ్ అంటే ఇండికానే. ఆ చప్పుడుకి నిద్రపోవడం కూడా అలవాటైపోయింది.

2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్‌తో మరో అడుగు పడింది. అందులోది ఫియట్ వాళ్ళ 1248 సీసీ మల్టీజెట్. అదే ఇంజన్ తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజాల్లోనూ, టాటా విస్టా, మాంజా, జెస్ట్‌లలోనూ, ఫియట్ వాళ్ళ సొంత పుంటో, లీనియాల్లోనూ కనిపించింది. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దాన్ని సరదాగా 'నేషనల్ ఇంజన్' అనేవారు. పాత ఇంజన్లకీ దీనికీ ముఖ్యమైన తేడా ఏమిటంటే ఇది కామన్ రైల్. డీజిల్‌ని విపరీతమైన ఒత్తిడితో ఒక గొట్టంలో నిలవుంచి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో ఇంజెక్టర్ చిమ్ముతుంది. పొగ తగ్గింది, లాగుడు పెరిగింది, మైలేజి ఇరవై దాటింది. కాకపోతే ఆయిల్ ఇంజన్‌లా కల్తీ డీజిల్, నీళ్ళు కలిసిన డీజిల్ పోసినా నడిచే మొరటు రకం కాదు.

సరిగ్గా ఈ కాలంలోనే ఢిల్లీలో ధరల వ్యవహారం తిరగబడింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ ఎత్తేశారు, డీజిల్ మీద ఉంచారు. 2012 మే చివరికి ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటింది, డీజిల్ 41కి కాస్త తక్కువ. లీటరుకి 32 రూపాయల తేడా! జనం షోరూములకి పరిగెత్తారు. 2012-13లో అమ్ముడైన కార్లూ, ఎస్‌యూవీలూ కలిపి చూస్తే సగానికి పైగా డీజిల్‌వే. దుర్గి దగ్గర మిరప చేనుకి నీళ్ళు పెట్టేవాడి పేరు మీద ఇచ్చిన రాయితీని బంజారాహిల్స్‌లో ఎస్‌యూవీలు తాగాయన్నమాట. డీజిల్ కారు మీద 80 వేల దాకా అదనంగా పన్ను వెయ్యమని కిరీట్ పారిఖ్ కమిటీ 2010లోనే చెప్పింది. వెయ్యలేదు. నాకైతే అది వెయ్యాల్సిన పన్నే అనిపిస్తుంది.

2013 జనవరి నుంచి డీజిల్‌ని నెలకి యాభై పైసల లెక్కన పెంచుకుంటూ పోయారు. 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ఏకంగా పెట్రోలుని దాటింది కూడా. అదే ఏడాది ఏప్రిల్‌లో బీఎస్-6 రావడంతో మారుతీ డీజిల్ కార్లకి స్వస్తి చెప్పింది. మన రాష్ట్రంలో ఈ కొన్నేళ్ళుగా తేడా లీటరుకి పన్నెండు రూపాయల అటూ ఇటూ ఉంటోంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మా చిన్నాన్న కొడుకు నరసరావుపేటలో ఉంటాడు, ఉద్యోగం మాచర్లలో. పిల్లల చదువు వల్ల కాపురం మార్చలేడు. సుమారు 80 కిలోమీటర్లు వెళ్ళడం, మళ్ళీ 80 రావడం. సెలవులు తీసేస్తే ఏడాదికి 40 వేల కిలోమీటర్లు. చేతిలో ఉన్నది నాలుగు లక్షలు, అందులో సగం అప్పు. డీజిల్ కారు 20, పెట్రోలు కారు 16 ఇస్తాయనుకుందాం. డీజిల్ 97, పెట్రోలు 109 వేసుకుందాం. డీజిల్‌కి 2,000 లీటర్లు, 1,94,000 రూపాయలు. పెట్రోలుకి 2,500 లీటర్లు, 2,72,500. మిగులు 78,500. బాగానే ఉంది కదా?

ఆ మిగులుని విడదీసి చూడండి. ధర తేడా వల్ల వచ్చింది 24,000 మాత్రమే. మిగతా 54,500 మైలేజి వల్ల వచ్చింది. ఇదే లెక్క 2012 మే నాటి ఢిల్లీ ధరలతో వేస్తే మిగులు లక్షా ఐదొందలు, అందులో 64,000 ధర తేడా వల్లే. అంటే అప్పుడు మన డబ్బు మిగిల్చింది ప్రభుత్వం. బండి ఎలాంటిదైనా, మైలేజి కాస్త పడిపోయినా ఆ మిగులు ఎక్కడికీ పోదు. ఇప్పుడు మిగిల్చాల్సింది ఇంజనే. ఇంజెక్టర్లు అరిగి 20 కాస్తా 16 అయితే ఆ 78,500 కాస్తా 30,000 అవుతుంది. నాలుగు ఇంజెక్టర్లు మారిస్తే అదీ హుళక్కే. ఏడాదికి పదివేలు తిరిగేవాడికైతే బండి బాగున్నా మిగిలేది ఇరవై వేల లోపు. వాడికి డీజిల్ ఎందుకో నాకు అర్థం కాదు.

అందుకని మావాడికి మోడల్ కంటే ఇంజన్ ఆరోగ్యమే ముఖ్యమని చెప్పాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే వెళ్ళి స్టార్ట్ చేయించాలి. అమ్మేవాడు ముందే వేడెక్కించి ఉంచితే అనుమానించాలి. నడుస్తుండగా ఇంజన్ ఆయిల్ మూత తీస్తే పొగ బుస్సుమని కొట్టిందంటే బోరుకొచ్చినట్టే. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కొచ్చే డీజిల్‌ని సీసాల్లో పట్టి పోల్చమనాలి, ఏ ఒక్కటి ఎక్కువ వదిలినా అది జబ్బుది. పిడుగురాళ్ళ చుట్టుపక్కల తిరిగిన బండైతే ఎయిర్ ఫిల్టర్ చూడాలి, సున్నం దుమ్ము ఊరికే పోదు. బీఎస్-6 డీజిల్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే హైవే మీద వేగంగా తిరగాలి. మావాడి రోడ్డుకి అది ఇబ్బంది కాదు గానీ ఆ కార్లు నాలుగు లక్షలకి రావు. కాబట్టి 2014-19 మధ్య బీఎస్-4 మల్టీజెట్టో, హ్యుందాయ్ 1.4 సీఆర్‌డీఐనో.

ఇంకో సంగతి కాయితాలు. పల్నాడుకి పాత కార్ల బజారు ఎప్పుడూ హైదరాబాదే. 2014 జూన్ 2 తర్వాత పొందుగుల వంతెన అవతల వేరే రాష్ట్రం. అక్కడి బండి తెస్తే ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ చవగ్గా కనిపించిన ముప్పై వేలు అలా పోతాయి. ఢిల్లీ బండ్లైతే ఇంకా చవక. పదేళ్ళు దాటిన డీజిల్ కార్లు అక్కడ తిరగకూడదని 2015లో ఎన్జీటీ అంది, 2018లో సుప్రీంకోర్టూ అంది. దాంతో అవి దక్షిణాదికి పారాయి. అలాంటి బండి చూపించి "ఒకే ఓనరు, డాక్టరు గారిది, 60 వేలే తిరిగింది" అంటారు. పదేళ్ళలో అరవై వేలే తిరిగేట్టయితే ఆ డాక్టరు డీజిల్ ఎందుకు కొన్నట్టో అడగండి. మీటరు వెనక్కి తిప్పడం అరగంట పని. పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు కూడా 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది.

మావాడు ప్రస్తుతం గుంటూరు రిజిస్ట్రేషన్ ఉన్న 2016 డిజైర్ ఒకటి చూశాడు. లక్షా ముప్పై వేలు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. వాళ్ళ మామగారు మాత్రం "అంత తిరిగిందా!" అని మొహం చిట్లించి, నలభై ఐదు వేలు తిరిగిన వేరేదేదో కొనమంటున్నారు. దానికి బిల్లులు లేవట.