బందరు ఉప్పెన

గాలివాన వేరు, ఉప్పెన వేరు. కోస్తా తెలుగువారు ఈ రెంటికీ రెండు మాటలు ఊరక కల్పించుకొనలేదు. గాలివాన ఇంటికప్పును లేపును, చెట్టును కూల్చును. ఉప్పెన వచ్చినచో ఊరే మిగలదు. 1864వ సంవత్సరం నవంబరు 1వ తేదీ, మంగళవారం రాత్రి, బందరుకు వచ్చినది ఈ రెండవది.

బందరు చరిత్ర అనగానే డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు పెట్టిన వర్తకస్థానం, 1759లో ఫ్రెంచివారినుండి కర్నల్ ఫోర్డు పట్టుకొన్న కోట, కలంకారీ అద్దకం, ఇవన్నీ వరుసగా వచ్చును. ఆ రాత్రికి మాత్రం తరచు ఒక్క వాక్యమే దక్కుచున్నది. కోట చేతులు మారిన దినములకంటె పట్టణస్థులకు ఆ రాత్రియే పెద్దదని నా అభిప్రాయం.

దీపావళి అమావాస్య గడిచి అప్పటికి రెండు రోజులు. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పోటు హెచ్చుగా ఉండునన్నది బెస్తలందరు ఎరిగినదే. ఆ పోటుమీద తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెట్టినది. బందరు తీరాన సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దగ్గరకు రాలేక కొన్ని మైళ్ళ దూరాననే లంగరు వేసెడివి. లోతైనచోట గాలి నెట్టిన నీరు అడుగునుండి వెనుకకు మరలగలదు. లోతు లేనిచోట దానికి దారి లేదు, పైకి లేవవలసినదే. అట్లు లేచిన నీరు సుమారు 13 అడుగులు. దాని కెదురుగా ఉన్నది బల్లపరుపైన డెల్టా భూమి. ఆపై చీకటి.

మృతులు 30 వేలని చెప్పుదురు. అఖిల భారత జనాభా లెక్కలు 1871-72 నాటికి గాని మొదలు కాలేదు గనుక దీనిని అంచనాగానే గ్రహించవలెను.

తుఫాను దాటిపోయినను ఉప్పు పోదు. ఉప్పెన తాకిన ఊరిలో బావులు, చెరువులు త్రాగుటకు పనికిరావు, చేలు చౌడుబారును, వానలు ఆ ఉప్పును కడుగువరకు రైతు వేచి ఉండవలెను. బ్రతికి బయటపడినవారిని మొదట పీడించునది మంచినీటి కరువే.

అంతకు ముందు నెలలోనే, అక్టోబరు 5న, మరియొక తుఫాను కలకత్తాను ధ్వంసం చేసినది. 1865లో తుఫాను హెచ్చరికలు ఆరంభమైనవి, అవి కలకత్తా రేవుకు. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. రేవులోని ఓడకు కబురందుట ఒక ఎత్తు, తీరాన గుడిసెలలో నిద్రించువారికి అందుట మరియొక ఎత్తు. ఆ శాఖకు నూరేండ్లు దాటిన పిమ్మట, 1977 నవంబరు 19న, బందరుకు దక్షిణాన కృష్ణ సాగరసంగమం చెంత దివిసీమను ఉప్పెన ముంచినది. అది రేడియో ఉన్న కాలమే అయినను, ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేలమంది మరణించినారు.