పాత పేపరుతో రాయల రౌతు శిరస్త్రాణం

భువన విజయం రూపకం వేయని తెలుగు సంఘం అమెరికాలో అరుదు. మన బడుల వార్షికోత్సవాల్లో కూడా ఏదో ఒక తరగతి దాన్ని పిల్లల స్థాయికి కుదించి వేస్తూనే ఉంటుంది. రాయలవారు, తిమ్మరుసు, అష్టదిగ్గజాలు, వెరసి పదిమంది. మిగిలిన పిల్లలందరూ భటులు. ఆ భటుల తలల మీద ఏముందో ఈసారి ఫోటోల్లో గమనించండి. హాలోవీన్ దుకాణంలో కొన్న ప్లాస్టిక్ శిరస్త్రాణం, దాని నెత్తిన ఎర్రటి కుచ్చు. అది రోమన్ సైనికుడిది! పెద్దన పద్యం చదువుతుంటే వెనకాల రోమ్ నగరం కాపలా కాస్తోందన్నమాట.

దీన్ని నవ్వి వదిలేయొచ్చు. కానీ పిల్లలు పాఠంలో చదివినది మరిచిపోతారు, వేసుకున్న వేషం మరిచిపోరు. అందుకని ఆ భటుడికి సరైన తలకట్టు మనమే చేద్దాం. ఖర్చు కూడా తక్కువే.

ముందు ఆధారం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరానికి వచ్చి, కళ్ళారా చూసినవి రాసుకున్నాడు. రాబర్ట్ స్యూయెల్ 1900లో ప్రచురించిన పుస్తకంలో దాని ఇంగ్లీషు అనువాదం ఉంది. మహర్నవమి ఉత్సవాలు అయ్యాక రాజు తన సైన్యాన్ని చూడటానికి బయలుదేరే రోజును పేస్ పూస గుచ్చినట్టు వర్ణిస్తాడు. గుర్రాల నుదుటి మీద వెండి పలకలు, బంగారు పూత పూసిన పలకలు. రౌతుల ఒంటి మీద జరీ బట్ట, వెల్వెట్, పట్టుతో కుట్టిన దళసరి అంగీలు. ఆ అంగీల లోపల గట్టి పచ్చితోలు పొరలు పొరలుగా, వాటికి బలం కోసం ఇనుప పలకలు. తల మీద శిరస్త్రాణం, దాని అంచు మెడను కప్పుతుంది, ముఖానికి అడ్డంగా ఒక భాగం ఉంటుంది. ఈ శిరస్త్రాణాలు కూడా అంగీల తరహాలోనే ఉన్నాయంటాడు.

మనకు పనికొచ్చేది ఈ చివరి మాటే. పొరలు, పైన పట్టుబట్ట, పలకలు. అంటే పాత పేపరును పొర మీద పొర అంటించి, పైన జరీబట్ట చుడితే అది చౌకబారు నకలు కాదు, అసలు పద్ధతికి దగ్గరి చుట్టం.

ఆరు నుంచి పదేళ్ళ పిల్లల తల చుట్టుకొలత సుమారు 20, 21 అంగుళాలు ఉంటుంది. టేపుతో కొలిచి, దానికంటే ఒక అంగుళం ఎక్కువ వచ్చేలా బెలూన్ ఊదండి. పేపరును అంగుళం వెడల్పు పీలికలుగా చింపండి. కత్తిరించకండి, చింపిన అంచులే బాగా కలిసిపోతాయి. మైదాను నీళ్ళలో జారుగా కలిపి ఉడికిస్తే జిగురు తయారు. తరగతిలో ఎవరికైనా గోధుమ పడదేమో ముందే అడగండి. పడకపోతే తెల్ల గ్లూలో సమానంగా నీళ్ళు కలిపి వాడండి. బెలూన్ పైసగానికి కొంచెం కిందివరకు మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా. ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ రెండు పొరలు. ఇక్కడ తొందరపడితే లోపల తడి మిగిలి వాసన వస్తుంది. శనివారం ఒక తరగతి, తర్వాతి శనివారం ఇంకో తరగతి అనుకుంటే హాయిగా సరిపోతుంది.

పూర్తిగా ఆరాక బెలూన్ పగలగొట్టి (పిల్లలకు ఇదే అసలు పండగ) కనుబొమలకు కాస్త పైన వచ్చేలా అంచు కత్తిరించండి. లోపల మెత్తటి ఫెల్ట్ బట్ట అంటించండి. ఇక పైన చుట్టే బట్ట. తాంబూలాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు మన ప్రతి ఇంట్లో ఒక సంచీ నిండా ఉంటాయి. జరీ ఉన్నది ఏరండి. గుడ్డను ఎనిమిది రేకులుగా కత్తిరించి అంటిస్తే ముడతలు రావు. సీరియల్ డబ్బా అట్టను చిన్న పలకలుగా కోసి, బంగారు రంగు వేసి, అంచు చుట్టూ వరసగా అంటించండి. మెడ కప్పే భాగానికి వెడల్పాటి ఫెల్ట్ ముక్క, దాని మీద కూడా అవే పలకలు. హాట్ గ్లూ గన్ మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. ముఖానికి అడ్డం ఉండే భాగాన్ని పల్చటి ఫోమ్ షీటుతో చేసి వెల్‌క్రోతో పెట్టండి, డైలాగు చెప్పేటప్పుడు తీసేయొచ్చు. కత్తి చేయమని పిల్లలు అడుగుతారు. మనం అద్దెకు తీసుకునే స్కూలు ఆవరణల్లో చాలాచోట్ల బొమ్మ కత్తిని కూడా రానివ్వరు. ఈ శిరస్త్రాణం ఒక్కటుంటే భటుడెవరో ప్రేక్షకులకు తెలిసిపోతుంది.

తయారయ్యాక లోపలివైపు మూడు రంగుల స్టిక్కర్ చుక్కలు పెట్టించండి. చూసినవాడు రాసినదానికి ఆకుపచ్చ, బొమ్మలోనో శిల్పంలోనో కనిపించేదానికి నీలం, మన ఊహకు ఎరుపు. పొరలకు, మెడ అంచుకు ఆకుపచ్చ. ముఖం ముందు భాగం ఆకారం పేస్ చెప్పలేదు కాబట్టి దానికి ఎరుపు. జాకెట్టు ముక్క మీది మామిడిపిందెలకూ ఎరుపే. "ఇది నీకెలా తెలుసు?" అని తాతగారు అడిగితే పిల్లలు శిరస్త్రాణం తిప్పి చూపించాలి. నా దృష్టిలో చరిత్ర పాఠం అక్కడుంది, తారీఖుల పట్టికలో లేదు.

రాయలవారి సంగతికొస్తే, ఆయనకు నీలం చుక్క దొరుకుతుంది. తిరుమల గుడిలో తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహం తల మీద ఉన్నది పొడవాటి టోపీ, కుళ్ళాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో కూడా పెద్దమనుషులు దాన్నే పెట్టుకుని కనిపిస్తారు. పేస్ చూసిన రాయలు కూడా జరీ టోపీతోనే ఉన్నాడు. అది స్పెయిన్‌లోని గలీషియా శిరస్త్రాణంలా ఉందన్నాడు. తెల్ల బట్టల మీద బంగారు గులాబీలు, కాళ్ళకు మాత్రం ఏమీ లేవు. కాబట్టి స్టేజీ మీద రాయలవారికి జోళ్ళు వద్దు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, మా దగ్గర వచ్చింది. "అది తురకల టోపీలా ఉంది కదండీ, మన రాయలకు కిరీటమే పెట్టండి" అని ఒక తండ్రి అడిగారు. అడగడంలో తప్పు లేదు. ఆయన గమనించింది నిజమే కూడా. కుళ్ళాయి అనే మాట పారసీకంలోని కులాహ్ నుంచి వచ్చింది. పశ్చిమాసియా దర్బారు దుస్తులను విజయనగర ప్రభువులు కోరి తెచ్చుకున్నారు. రాయల కంటే ముందే ఆ రాజులు "హిందూరాయ సురత్రాణ" అనే బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాను అనే మాటకు సంస్కృతపు ముసుగు. వాళ్ళ సైన్యంలో ముస్లిం విలుకాండ్రు ఉన్నారు, గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో వచ్చేవి. సైన్యాన్ని చూసే రోజున వేసిన గుడారం మక్కా వెల్వెట్‌తో చేసిందని పేసే రాశాడు. శ్రీనాథుడి పేరున ఉన్న ఒక చాటువులోనైతే కన్నడ రాజు కొలువు కోసం కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందన్న విసుగు వినిపిస్తుంది. వారమంతా జీన్స్, ఆదివారం గుడికి పంచె కట్టుకునే మన పిల్లలకు ఇది వింతగా అనిపించదు. ఇబ్బంది మనకే. కిరీటం పెట్టి ఆ ఇబ్బంది దాటేయొచ్చు గానీ, అప్పుడు దానికి లోపల ఎర్ర చుక్క పెట్టాలి. ఆ మాటే ఆ తండ్రికి చెప్పాం. వాళ్ళబ్బాయి కుళ్ళాయితోనే రాయలు వేశాడు.

కుళ్ళాయి చేయడం శిరస్త్రాణం కన్నా సులువు. పోస్టర్ బోర్డును పైకి పోను పోను సన్నబడేలా గొట్టంగా చుట్టి, కొన గుండ్రంగా మూసి, పట్టుబట్ట అంటించడమే. ఎనిమిది నుంచి పది అంగుళాల ఎత్తు పిల్లలకు బాగుంటుంది, అంతకు మించితే నమస్కారం పెట్టినప్పుడల్లా జారుతుంది. గడ్డం కింద కట్టే ఎలాస్టిక్ మరవకండి.

రాయల తర్వాత వచ్చిన అచ్యుతరాయల కాలంలో అక్కడున్న నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు, రాజు టోపీ ఒక్కోటి 20 క్రుజాదోల బంగారు నాణేల విలువ చేస్తుందనీ, ఒకసారి తలమీంచి తీస్తే మళ్ళీ పెట్టుకోడనీ రాశాడు. మనకా భోగం లేదు. కార్యక్రమం అయిపోగానే టోపీలు, శిరస్త్రాణాలు లెక్కపెట్టి తీసుకుని, లోపల పేపరు ఉండలు కూరి, తడి తగలని డబ్బాలో వచ్చే ఏటికి దాచండి.